చామంతులకు నీళ్ళు పెట్టిన భాష

బొంగులూరు దగ్గర రింగు రోడ్డు పడి, ఆదిబట్ల వైపు అద్దాల మేడలు లేస్తున్న కాలమది. ఇబ్రహీంపట్నం చుట్టూ చేన్లన్నీ ప్లాట్లయిపోతుంటే, మైసమ్మ మాత్రం తన చామంతి మడిని వదల్లేదు. అప్పట్లో పొలాలకు కరెంటు వంతుల వారీగా వచ్చేది. ఎప్పుడొస్తుందో ఎవరికెరుక? అందుకని కరెంటు రాగానే మోటారు తనంతట తనే లేచేలా అందరూ స్టార్టర్లకు ఆటో బిగించుకున్నారు. కరెంటు రావడం ఆలస్యం, మైసమ్మదీ, పక్క చేన్లవీ కలిపి నాలుగు బోర్ల మోటార్లూ ఒక్కసారే కరెంటు గుంజేవి. ట్రాన్స్‌ఫార్మర్ ఢామ్మని పేలేది. అది బాగుపడి వచ్చేదాకా మడికి చుక్క నీళ్ళుండవు. బతుకమ్మ పండుగ దగ్గరపడింది, మొగ్గ విచ్చే వేళ. ఇక నీళ్ళందకపోతే పువ్వు చేతికి రాదు.

మైసమ్మ మనవరాలు రేణుక శేరిగూడలో ఇంజనీరింగు చదువుతోంది. "నువ్వు ఫికర్ చెయ్యకు నాయనమ్మా, మోటార్లను ఒకదాని ఎనుక ఒకటి లేపే పెట్టె చేస్తం," అని మాటిచ్చింది. తోడుగా స్నేహితురాలు సాయిమా ఉంది. అయితే ఆ పెట్టెకు పని ఏ కంప్యూటర్ భాషలో రాసి చెప్పాలన్న దగ్గరే ఇద్దరికీ పడలేదు.

"పైథాన్‌ల రాద్దామే. మనం ముచ్చట పెట్టుకున్నట్టే ఉంటది. పొద్దుగాల మొదలువెడితే పగటీలికి అయిపోతది," అంది రేణుక.

"అయితది గని, దానికి చిన్నదో పెద్దదో ఓ కంప్యూటరే కావాలె. సీ భాష అయితే గోరంత చిప్పుల సదురుకుంటది," అంది సాయిమా.

"నీ సీకి ప్రతిదీ మనమే చెప్పాలె. ఒక్కటి మర్సిపోతే సప్పుడు చెయ్యకుంట ముంచుతది."

"మరి జావా? నౌకరీకి అదే నేర్సుకోమంటుండ్రు సార్లు."

"గట్టిదే. గని ఒక్క దీపం ముట్టియ్యనీకి గంత పెండ్లి సామాను ఎందుకే?"

"మీ పంచాయితి తెగేలోపు నా పువ్వు ఎండుతది," అంది మైసమ్మ కలుపు తీస్తూ.

రేణుక మాటే నెగ్గింది. ఆమె పైథాన్ పెట్టె ఇంట్లో బల్ల మీద ముచ్చటగా పనిచేసింది. చేనులోకి తెచ్చి మోటార్లకు బిగించారు. కరెంటొచ్చింది. పెట్టె కళ్ళు నులుముకుని, ఒళ్ళు విరుచుకుని, తీరిగ్గా నిద్ర లేచేలోపే మోటార్లన్నీ గుంజేశాయి. మళ్ళీ ఢాం!

"నీ పైథాన్‌కు చాయి పోసి లేపాలేమోనే," అంది సాయిమా.

ట్రాన్స్‌ఫార్మర్ బాగై వచ్చేసరికి మడి అంచున మొగ్గలు తలలు వాల్చాయి. ఈసారి సాయిమా సీలో రాసిన చిప్పు పెట్టారు. కరెంటు రాగానే అది మేలుకుంది. ఒక మోటారు లేచింది. కాసేపాగి రెండోది, ఇంకాసేపాగి మూడోది. చివరి వంతు మైసమ్మది. అది లేవలేదు. చేత్తో నొక్కినా పెట్టె ఒప్పుకోలేదు. పీకేద్దామంటే మళ్ళీ పాత కథే.

"మంచిగనే ముంచింది నీ సీ," అంది రేణుక.

"అది నేను రాసినట్టే చేస్తదే. నేనేం తప్పు రాసిన్నో నువ్వే సూడు మరి," అంది సాయిమా, కళ్ళ నీళ్ళాపుకుంటూ.

సాయిమా రాసిందంతా చూసి చూసి రేణుక కళ్ళు మూతలు పడ్డాయి. నాదర్‌గుల్‌లో పైలట్ల శిక్షణ కోసం లేచిన చిన్న విమానం చేని మీద గిరగిరా తిరుగుతోంది. ఆ చప్పుడు వింటూ చామంతుల పక్కన ఒరిగింది.

గట్టు మీదుగా ముగ్గురు ఆడవాళ్ళు వస్తున్నారు. మొదటామె వెంట సందూకలూ పరుపులూ బండెడు. అవన్నీ దించి సర్దనిదే ఆమె కూర్చోదు. రెండో ఆమె నవ్వుకుంటూ, కబుర్లాడుకుంటూ నిదానంగా నడుస్తోంది. ఆమె చంకలోని బిందె ఎన్ని నీళ్ళు పోస్తే అంత పెద్దదవుతోంది. మూడో ఆమె సన్నగా, చకచకా వచ్చేసింది. చేతిలో చిన్న చెంబు, పలకరింపు లేదు. మొదటి సాలుకు నీళ్ళు పోసింది. రెండో సాలుకు ఇంకొన్ని, మూడో సాలుకు ఇంకా ఎక్కువ, చెంబు అంచుదాకా. చివరి సాలుకు కావలసిన నీళ్ళు చెంబులో పట్టలేదు. పొర్లి నేలపాలవుతున్నాయి. ఆమె ఒక్క మాటనలేదు, చెంబు వైపైనా చూడలేదు.

"చెప్పరాదా!" అని కేక పెట్టింది రేణుక. ఆ కేకకే మెలకువ వచ్చింది.

"సాయిమా! ఎంతసేపు ఆగాల్నో ఆ లెక్కను ఎంత సిన్న జాగల దాసినవే? వంతు పెరిగినకొద్ది లెక్క పెరుగుతది. మూడు వంతుల దాక పట్టింది. నాలుగోది పొర్లిపోయింది!"

సాయిమా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. లెక్కేసి చూసుకుని పకపకా నవ్వింది. "యా అల్లా! పొర్లిన లెక్క ఉల్టా తిరిగి కొండంతయింది. అవ్వ మోటరును దీపావళి దాటినంక లెవ్వమని చెప్పినట్టయింది!"

"పైథాన్‌ల అయితే లెక్క ఎంతదైనా పట్టేది."

"పట్టేది, నిద్ర లేస్తే!"

లెక్కకు పెద్ద జాగా ఇచ్చి చిప్పును మళ్ళీ బిగించారు. కరెంటొచ్చింది. మోటార్లు ఒకదాని వెనుక ఒకటి గొంతు కలిపాయి. చివరిది దగ్గింది, గుటక వేసింది, నీళ్ళు వదిలింది. వాలిన చామంతుల కిందికి కాలువ మెల్లగా పాకింది.

"గీ నీళ్ళు ఏ భాషల వచ్చినయే?" అనడిగింది మైసమ్మ, పాదాలు తడుపుకుంటూ.

"సాయిమా భాషల, నాయనమ్మా," అంది రేణుక. ఆ మాట అనడానికి జర కష్టమైంది గానీ, అనేసింది.

విమానం చప్పుడూ మోటారు చప్పుడూ ఒకటైపోయాయి. తడిసిన గట్టు చివర సన్నటి ఆమె ఇంకా నిలబడే ఉన్నట్టు అనిపించింది రేణుకకు. ఈసారి ఆమె చంకలో బిందె ఉంది.