వంక పూడ్చినవాళ్ల సాక్ష్యం

వడమాలపేట చుట్టుపక్కల మొట్టమొదట బ్లాగు రాసినవాణ్ణి నేనే. పేరు శాంతయ్య, చదువు పల్లెబడిలో ఐదో తరగతి, వయసు డెబ్బై రెండు. పిల్లకాయలు నన్ను చూసి నేర్చుకోవాలి.

సంగతి వినండి. మా కాలనీ వెనక గుట్టను కాంట్రాక్టర్ మునిప్రసాద్ తవ్వి అమ్ముకున్నాడు. పనికిరాని రాళ్లూ మట్టీ టిప్పర్లతో తెచ్చి, పక్కన వాననీళ్లు పారే వంకలో పోసి పూడ్చాడు. ఆ నవంబరులో మూడు రోజులు ఆగకుండా వాన. వంకలో దారి లేక నీళ్లు మా ఇళ్ల మీదుగా వచ్చాయి. మునెమ్మ మొగుడు దేవదానం నా కళ్ల ముందే కొట్టుకుపోయాడు. చంకలోని మేకపిల్లను వదల్లేదు.

సమాధి కాడికి మునిప్రసాద్ తెల్లచొక్కా వేసుకుని వచ్చాడు. "దేవుని చిత్తం మునెమ్మా, మనమేం చేస్తాం" అన్నాడు.

"దేవుడు టిప్పరు తోలినాడాప్పా?" అంది మునెమ్మ.

ఆయన కారెక్కి పోయాడు. తర్వాత అధికారులు వచ్చి రాసిన కాగితంలో, అక్కడ అసలు వంకే లేదని ఉంది.

కొన్నాళ్లకు తిరుపతి నుంచి ప్రశాంతి అనే అమ్మాయి వచ్చింది. ఎండావానా ఇట్లా గతి తప్పడం మనుషుల పాపమేనని, భూమిని కాపాడడం విశ్వాసుల పనేనని చర్చీలు తిరిగి చెప్పే ఉద్యమం వాళ్లది. ఆదివారం ఆరాధన అయ్యాక, "మీకు జరిగింది మీరే బ్లాగు రాయండి, ఫోనుంటే చాలు" అంది.

"బ్లాగంటే ఏందమ్మా?"

"గోడ మీద రాసినట్టే తాతా. లోకమంతా చదువుతాది. ఎవురూ వచ్చి సున్నం కొట్టలేరు."

వరద గురించి రాస్తారని ఆమె అనుకుంది. మా చర్చి సంఘానికి నలుగురి ముందు లేచి చెప్పడమంటే తెలిసింది సాక్ష్యం ఒక్కటే. సాక్ష్యమంటే ముందు తన పాపం ఒప్పుకోవాలి. మావాళ్లు అట్లాగే రాశారు. 'నా మొగుడు పోయేదాకా నేను నోరు తెరవలేదు' అని మునెమ్మ. 'వంకలోకి టిప్పరు తోలింది నేనే, తోలమనింది మునిప్రసాద్' అని మోహన. 'అధికారులొచ్చే ముందు ఆయన చెప్తే పూడిక మీద గడ్డి పరిచింది నేనే' అని చంద్రకాంతమ్మ.

ప్రశాంతి తల పట్టుకుంది. "మీ మీదే కేసులు పడతాయి. తీసేద్దాం."

"తీసేయ్ తల్లీ," అన్నాడు మోహన. "నేను జైలుకు పోతే నా పిల్లోళ్లను ఎవురు సూస్తారు?"

"నా పిల్లోళ్లను ఎవురు సూస్తాండారో వాళ్లే," అంది మునెమ్మ. "వాణ్ణి ముంచాలంటే మనమూ నీళ్లల్లోకి దిగాల. నా మొగుడు దిగలేదా?"

మోహన ఫోను జేబులో పెట్టుకున్నాడు. ఏదీ తీయలేదు.

"శాంతయ్య మామా, నీదేదీ?" అంది మునెమ్మ.

ఇక దాచి లాభం లేదు. మొట్టమొదటి బ్లాగు నాది కాదు. నాది తొమ్మిదోది, అన్నింటికన్నా ఆఖరిది. వంక లేదన్న ఆ కాగితం మీద ఊరి పెద్దగా సంతకం పెట్టింది నేను. ఆ వంకలో చేపలు పట్టి పెరిగినవాణ్ణి.

మరుసటి ఆదివారం తొమ్మిది బ్లాగులూ చర్చి మైకులో చదివాం. అది మునిప్రసాద్ కొనిచ్చిన మైకే, మీద ఆయన పేరు కూడా ఉంది. పరువు పోయిందని ఆయన ఫిర్యాదు చేశాడు. ఎస్సై వచ్చి "ఎవురు రాసింది?" అన్నాడు. మునెమ్మ లేచింది. మోహన లేచాడు. ఒక్క అక్షరం రాయనివాళ్లూ చాపల మీంచి లేచారు.

"ఇంతమందా?"

"ఇంకా రాస్తాండారు సార్, కూసోండి" అన్నాను.

రాసిన తొమ్మిదిమందినీ పట్టుకున్నారు. జీపు చాలక మునిప్రసాద్ టిప్పర్నే పిలిపించి, మట్టి ఎత్తినట్టు ఎత్తి పోసుకుని పోయారు.

మా బ్లాగులు మా మీద కేసు పెట్టించాయి. మునిప్రసాద్ మీదా పెట్టించాయి. అందరికీ బెయిలొచ్చింది. ప్రతి సోమవారం స్టేషన్లో ఒకే పుస్తకంలో సంతకాలు. ఆయన వంతు వచ్చేదాకా మునెమ్మ కదలదు. పక్కన నిలబడి ఆయన పెన్ను మూత పెట్టేదాకా చూస్తుంది.

వంక ఇంకా పూడిపోయే ఉంది. కూలిజనమా, చదువుకునే పిల్లకాయలారా, మీ ఊరి వంకను ఎవరు పూడ్చారో రాయండి. ముందు మీ పేరు, ఆ తర్వాత వాడి పేరు.

అన్నట్టు, టిప్పరు సంగతి నా కల్పన. ఆటోల్లో కుక్కి తీసుకుపోయారు. మిగతాదంతా జరిగిందే. అనుమానముంటే సోమవారం రండి, ఆయన సంతకం పెడుతుంటే చూద్దురుగాని.