గడ్డి కొలిచేవాడికి వేసవి కానుక

ఆ ఏడు ఉత్తరపు గాలి తోసుకొచ్చిన మంచు మా సముద్రపు పాయను మూసేసింది. ఏప్రిల్ సగం దాటినా పొలాలు తెల్లగానే ఉన్నాయి. వసంతం వచ్చిందని చెప్పే లోవా పిట్ట దక్షిణాన కూసిందని రేడియోలో చెప్పారు. మాకింకా వినపడలేదు.

మా పక్క పొలం సిగ్వాల్దిది. ఊరి తరఫున గడ్డి కొలిచే పని కూడా అతనిదే. చలికాలం ముందు కొలబద్ద పట్టుకుని ఇల్లిల్లూ తిరుగుతాడు. కొట్టులో ఉన్న గడ్డి ఎన్ని గొర్రెలను వసంతం దాకా నిలుపుతుందో చెబుతాడు. చాలదనిపిస్తే కొన్నిటిని కోతకు పంపమంటాడు. బతిమాలినా వినడు. అతన్ని తిట్టుకున్నవాళ్లే వసంతంలో మంద బతికి బట్టకట్టాక కాఫీకి పిలుస్తారు.

ఆ ఏప్రిల్లో అతని గొర్రెలే రోజూ ఒడ్డున సముద్రపు నాచు మేస్తూ కనిపించాయి. అన్నీ చూలు గొర్రెలే. ఈనే రోజులు దగ్గరపడ్డాయి. ఏమిటని అడిగితే, వాటికి ఉప్పంటే ఇష్టమన్నాడు. అసలు సంగతి అతని భార్య రాగ్నా చెప్పింది. కొట్టులో గడ్డి లోపల్లోపల వేడెక్కి బూజుపట్టిందట. బయటినుంచి కొలిస్తే అంతా సరిగ్గానే ఉంది. తీరా తవ్వాక సగం పారబోశారు. తను చెప్పినట్టు ఆయనకు తెలియనివ్వొద్దంది.

నా దగ్గర గడ్డి మిగిలింది. నా భార్య హల్డోరా పోయాక సగం గొర్రెలను అమ్మేశాను. అలవాటుకొద్దీ పొలం మాత్రం అంతా కోశాను. ఊరికే పాడవుతోంది, తీసుకెళ్లమని అతనితో అన్నాను.

"గడ్డి కొలిచేవాడే గడ్డి అడుక్కున్నాడంటే, ఇక నా మాట వినేదెవరోయ్?" అన్నాడు. "ఒక్క గొర్రెనూ తగ్గించరు. మళ్లీ ఇలాంటి చలి వస్తే ఊరు ఊరంతా నాచు మేపాల్సిందే."

ఆ మాట నిజమే. ఇంటికి వచ్చేశాను.

మంచు కరగకపోయినా మా పంచాంగంలో వేసవి ఏప్రిల్లోనే మొదలవుతుంది, ఆ తొలిరోజు మాకు పండగ. దానికి ముందు సాయంత్రం గుమ్మం బయట గిన్నెడు నీళ్లు పెట్టాను. తెల్లారేసరికి గడ్డకడితే ఆ ఏడు పాలు చిక్కగా ఉంటాయని మావాళ్ల నమ్మకం. నమ్మేది హల్డోరా, గిన్నె పెట్టేది నేను. మర్నాడు ఆమె అల్లిన చేతితొడుగులు వేసవి కానుకలుగా ఇంటింటికీ వెళ్లేవి. వేసవి కానుకను వద్దన్న మనిషిని మా లోయలో నేను చూడలేదు. పగవాడిచ్చినా పుచ్చుకుంటారు. గిన్నె కింద పెడుతుండగా ఆ సంగతి తోచింది.

పొద్దున నీళ్లు గడ్డకట్టాయి. మంచు మీద లాగే జారుడుబండికి గుర్రాన్ని కట్టి, గడ్డి నింపి, పైన ఆమె అల్లినవాటిలో మిగిలిన చేతితొడుగుల జత పెట్టి సిగ్వాల్ది ఇంటికి వెళ్లాను. అతను పండగ చొక్కాతో బయటికి వచ్చి బండి చుట్టూ ఒకసారి తిరిగాడు.

"ఇదేమిటి?"

"వేసవి కానుక. తొడుగులు నీకు, గడ్డి గొర్రెలకు."

"గొర్రెలకు కానుకలివ్వడం ఎప్పట్నుంచి?"

"ఇవాళ్టి నుంచే. అక్కర్లేదేమో వాటినే అడుగు."

కొట్టంలో గొర్రెలు అరుస్తూనే ఉన్నాయి. అతను గుప్పెడు గడ్డి తీసి వాసన చూశాడు.

"ఆలస్యంగా కోశావు. కాడ ముదిరింది."

"వెనక్కి తీసుకుపోనా?"

"అన్నానా నేను?"

ఇద్దరం కలిసి దించాం. రాగ్నా కాఫీ ఇచ్చింది, నావైపు చూడలేదు. సిగ్వాల్ది తొడుగులు వేసుకుని చూసుకున్నాడు. హల్డోరా అల్లికలో బొటనవేలు ఎప్పుడూ కాస్త వదులే. తర్వాత లోపలికెళ్లి కొలబద్ద తెచ్చి నా చేతిలో పెట్టాడు.

"ఇది నీకు నా కానుక. వచ్చే చలికాలం ముందు నా కొట్టు నువ్వు కొలువు. పైపైన కాదు, లోపల దాకా చెయ్యి పెట్టి చూడు."

"అందరి ముందూనా?"

"అందర్నీ పిలిచే చూడు. ఎందుకో నేనే చెబుతాను."

నేను బయల్దేరేసరికి కొట్టంలో అరుపులు ఆగాయి. నమిలే చప్పుడు మాత్రం వినిపిస్తోంది. ఖాళీ బండిలో వేసిన కొలబద్ద వెనక్కి పొడుచుకొచ్చి, ఇంటిదాకా మంచు మీద గీత గీస్తూ వచ్చింది.