వియ్యంకుడు పెట్టిన షరతు

బొగ్గు గనిలో పంపు ఆపరేటరుగా ముప్పై ఒక్క ఏళ్ళు నీళ్ళు తోడి బయట పోసిన మారుతి, రిటైరయ్యాక అవే నీళ్ళ మీద పడవ నడుపుతున్నాడంటే చంద్రపూర్‌లోని బాబుపేట్‌లో మొదట ఎవరూ నమ్మలేదు. అతని భార్య సుభాషిణి మాత్రం నమ్మింది. పెళ్ళయిన నాటి నుంచీ ఆయన చేసిన పనులు చూశాక ఆమె నమ్మలేనిదంటూ ఏదీ మిగల్లేదు.

గని మూతపడింది. పంపులు ఆపేశారు. కొన్ని వానాకాలాలు గడిచేసరికి ఆ పెద్ద గుంత నిండి చెరువైంది. చేపల సొసైటీ వాళ్ళు దాన్ని గుత్తకు తీసుకున్నారు. ముచ్చటపడి తెరచాప పడవ తెప్పించుకున్న ఇంజనీరు సారు ఒకాయన, రెండు చలికాలాలు మారుతికి నడపడం నేర్పి, బదిలీ మీద వెళ్ళిపోతూ దాన్ని అతనికే అప్పగించాడు. చిన్న పడవే. మధ్యలో నలుగురు మోకాళ్ళు ముడుచుకుని కూర్చునేంత గది, దానికి అటు రెండు, ఇటు రెండు కిటికీలు. ఎండాకాలమంతా దర్జాగా తిరిగింది. మొదటి వాన పడగానే కిటికీలు కారడం మొదలుపెట్టాయి.

"కొంచెమే గద, కారనీ" అన్నాడు మారుతి.

"అవునవును. బయట వాన బందైనంక గూడ లోపట పడుతది, గంతే" అంది సుభాషిణి.

అసలు చిక్కు వానతో కాదు, వియ్యంకుడితో వచ్చింది. కూతురు అనూషను బల్లార్‌పూర్‌లో బట్టల దుకాణం నడిపే అప్పలనర్సయ్య కొడుక్కి ఇచ్చారు. అప్పలనర్సయ్య మాటకారి. చీర కొననని వచ్చిన మనిషి చేత కూడా రెండు కొనిపించి పంపగలడు. మారుతి పడవ ఎక్కమని పిలిచినప్పుడల్లా ఎండలన్నాడు, పెళ్ళిళ్ళ గిరాకీ అన్నాడు, మోకాలు నొప్పి అన్నాడు. కిటికీల సంగతి చెవిన పడ్డాక ఇంకో సాకు వెతుక్కునే పని లేకపోయింది.

"బావా, నీ పడవల కూసుంటె తానం జేసి బట్టలు గూడ ఉతుక్కోవచ్చట గద! సబ్బు నేను తెచ్చుకోవాల్నా, నువ్విస్తవా?" అని ఫోన్లో పకపకా నవ్వాడు. "ఆ కిటికీలు ఒక్క చుక్క కారకుండ జెయ్యి. వచ్చే ఆదివారమే సరోజను తీస్కొని ఒస్త. మాటంటే మాట!"

పక్కనే కూర్చుని ఆటో పరదా కుడుతున్న సుభాషిణి మిషను ఆపింది. తడుస్తానని భయపడేవాడు వాన వెలిశాక వస్తానంటాడు. వియ్యంకుడేమో కిటికీలు బాగైతే వస్తానంటున్నాడు, అవి ఎప్పటికీ బాగుపడవన్న ధీమాతో. ఏదో ఉందనుకుని మళ్ళీ మిషను తొక్కింది.

మారుతికి పంతం వచ్చింది. ట్యూబు సీలెంటు తెచ్చి కిటికీల చుట్టూ లోపలి నుంచి వెన్న రాసినట్టు రాశాడు. రాత్రి వానకు నీళ్ళు ఆ పూత వెనక చేరి, మరో దారి వెతుక్కుని, ఈసారి సరిగ్గా కూర్చునే చోటే పడ్డాయి. మర్నాడు బయట వెడల్పాటి టేపు అంటించాడు. తడి మీద అంటించిన టేపు సాయంత్రానికి ఊడి, చెరువులో తేలుతూ సొసైటీ వాళ్ళ వలకు చిక్కింది.

"ముప్పై ఏండ్లు గనిల పని జేసినవ్" అంది సుభాషిణి. "లోపట గోడకు సున్నమేస్తె ఊట ఆగిందా ఎన్నడన్న?"

"లే."

"మరి గిదేంది?"

"నువ్వు ఆటోలకు పరదాలు కుడ్తవ్. పడవ గురించి నీకేం ఎర్క?"

"ఆటో ఏందో పడవ ఏందో నీళ్ళకు ఎరుకుంటదా? పైకెల్లి కిందికి జారుడు, సందు దొర్కితె దూరుడు. దానికొచ్చిన ఇద్దె గదే."

శనివారం వాన తెరిపిచ్చింది. సుభాషిణి సంచిలో కత్తెర, గుడ్డపీలికలు, ఒక డబ్బాలో ముగ్గుపిండి వేసుకుని భర్త స్కూటీ ఎక్కింది. ముగ్గుపిండి ఎందుకని అడిగితే పడవ ముందు ముగ్గేస్తానంది. గదిలో దూరి కిటికీ చట్రాల వెంబడి ఆ పిండి అద్ది, మారుతి చేత పైనుంచి చెంబుతో మెల్లగా నీళ్ళు పోయించింది. అద్దం చుట్టూ పిండి తెల్లగానే ఉంది. చట్రం పైవరసలో, మరలు బిగించిన చోట, నాలుగు చుక్కలు నల్లబడ్డాయి.

"ఇగో, దొంగ ఈడ దూరుతుండు. నువ్వేమో వాకిట్ల కావలి గాసినవ్."

మారుతి పాత పూతంతా బ్లేడుతో గీకి తీశాడు. ఆమె పొడిగుడ్డతో తుడిచి, థిన్నరుతో ఇంకోసారి తుడిచి, గంటసేపు ఎండనివ్వాలంది. అతను పది నిమిషాలకే టేపు చుట్ట చేతిలోకి తీసుకున్నాడు.

"ఎండింది తీ."

"పెండ్లిసూపులకు గూడ గిట్లనే తొందరపడ్డవ్. సూడు, ఏమైందో."

"ఏమైంది? మంచిగనే అతుక్కున్నది గద ఇన్నేండ్ల సంది."

ఆమె నవ్వు ఆపుకోలేక అటు తిరిగింది.

గంటయ్యాక ఆ మరల తలల మీద సీలెంటు పెట్టి, ఆటోలకు వాడే పాలరంగు ప్లాస్టిక్ షీటు కిటికీ కంటే జానెడు వెడల్పుగా కత్తిరించి కప్పారు. టేపు అడుగున మొదలుపెట్టి, తర్వాత పక్కలు, చివరికి పైది, గూనపెంకులు కప్పినట్టు ఒకదాని మీద ఒకటి ఎక్కించి అంటించారు. అడుగు టేపులో ఒక మూల వేలెడు సందు వదిలింది సుభాషిణి.

"ఈడ సందున్నది" అన్నాడు మారుతి.

"ఉండనీ. తప్పిపోయి వచ్చిన చుక్క బయటికి పోనీకి బాట. నీలెక్క లోపట కూసోబెట్టి మర్యాద జెయ్య. ఇదంత ఈ వానకాలం మందమే. ఎండలు పడ్డంక మరలు, రబ్బర్లు కొత్తయి వెయ్యాలె."

"లోపలికెల్లి బయట ఏం కనబడతలేదే?"

"నీళ్ళు సూడాలంటె బయట కూసో."

ఒక బకెట్ నీళ్ళు కుమ్మరించారు. పిండి తెల్లగానే ఉంది. మారుతి దాన్ని వీడియో తీసి వియ్యంకుడికి పంపాడు. ఆయన చూశాడు. గంట తర్వాత "ఒస్తం" అని ఒక్క మాట పంపాడు.

సాయంత్రం వియ్యపురాలు సరోజ ఫోన్ చేసింది.

"వదినె, ఏం జేసిండ్రో గని, మా ఆయన బీపీ గోలీ దొర్కతలేదని ఇల్లంత తిరుగుతుండు. ఆయనకు బీపీనే లేదు." గొంతు తగ్గించింది. "వర్ధా నది పుల్ మీద బస్సు పోతుంటె గూడ కండ్లు మూసుకుంటడు. నేను జెప్పిన్నని అనకు."

సుభాషిణికి నవ్వూ వచ్చింది, జాలీ కలిగింది. మారుతికి చెప్పలేదు. చెబితే రేపటికి చంద్రపూర్‌లో సగం మందికి తెలుస్తుంది. "గాలి తక్కువున్న దిక్కే పోనియ్యి, పడవను ఒరగనియ్యకు" అని మాత్రం చెప్పింది.

ఆదివారం సన్నగా తుంపర. అప్పలనర్సయ్య లైఫ్ జాకెట్ రెండుసార్లు బిగించుకున్నాడు. తెరచాప చూశాడు, తాళ్ళు చూశాడు, నీళ్ళ వైపు మాత్రం చూడలేదు.

"ఏమంత లోతుంటది బావా?" అన్నాడు మామూలుగా.

"నాకు ఎర్క లేదా, నేనే గద తోడింది! రెండు వందల..."

"మోకాళ్ళ లోతు అన్నా, ఏనుగు మోకాళ్ళు!" అని సుభాషిణి అడ్డుపడింది. "తుంపర పడుతుంది, లోపటికి రాండ్రి."

మారుతి బయట చుక్కాని పట్టాడు. ముగ్గురూ గదిలో ఇరుక్కుని కూర్చున్నారు. పాలరంగు కిటికీల్లోంచి మెత్తటి వెలుతురు తప్ప ఇంకేమీ కనిపించలేదు. అప్పలనర్సయ్య చట్రం వెంబడి వేలు రాసి చూశాడు. పొడిగా ఉంది. ఇంకో కిటికీ, అదీ పొడే. ఆయన మొహంలో కనబడింది సంతోషమో దిగులో చెప్పడం కష్టం. సుభాషిణి సర్వపిండి డబ్బా తెరిచింది. మొదటి ముక్క నెమ్మదిగా తిన్నాడు. రెండో ముక్కకు నోరు లేచింది. దసరాకు తెప్పించబోయే చీరలు, కట్టిన చీర వాపసు తెచ్చిన ఒక గిరాకీ, పుట్టబోయే మనవడికి పెట్టాల్సిన పేరు, ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. వాన కాస్త గట్టిపడి పైకప్పు మీద టపటపలాడింది. లోపల ఒక్క చుక్క రాలలేదు.

"బావ ఇంక బయలుదేరడేంది?" అన్నాడు మధ్యలో.

"తాడు ఇప్పుతుండు" అంది సుభాషిణి. సరోజ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

మరికాసేపటికి పడవ దేనికో తగిలి ఆగింది. మారుతి తలుపు తీశాడు.

"ఎట్లుంది బావా? ఆ ఒడ్డు ముట్టి వచ్చినం!"

అప్పలనర్సయ్య తల బయటికి పెట్టాడు. మొదటిసారి నీళ్ళ వైపు చూశాడు. అవతలి ఒడ్డు వానలో మసగ్గా, ఎక్కడో దూరంగా ఉంది.

"ఆ ఒడ్డా? అరె బాప్‌రే..." అని చాలాసేపు చూశాడు. తర్వాత సుభాషిణి వైపు తిరిగి, "చెల్లె, నీకెవరు జెప్పిండ్రు?" అన్నాడు మెల్లగా.

"ఏంది అన్నా?"

ఆయన ఒకసారి భార్య వంక చూసి, మళ్ళీ అడగలేదు. దిగి, నేల మీద రెండు కాళ్ళూ ఆనించి నిలబడి, లోపల మిగిలిన సర్వపిండి ముక్క తెమ్మన్నాడు.

"మల్ల రా బావా" అన్నాడు మారుతి ఉత్సాహంగా. "ఎండలు పడంగనే ఈ ప్లాస్టిక్ పీకేసి కొత్తయి బిగిస్త. అద్దాలకెల్లి చెరువంత కనబడుతది."

"పీకుడెందుకు?" అప్పలనర్సయ్య కంగారుగా అతని చెయ్యి పట్టుకున్నాడు. "గంత మంచిగున్నయి! అట్లనే ఉండనియ్యి బావా. ఉంటె నేను ప్రతి ఆదివారం ఒస్త."

మారుతి మురిసిపోయాడు. తన పనితనం వియ్యంకుడికి అంతగా నచ్చిందని ఇల్లు చేరేదాకా చెబుతూనే ఉన్నాడు. స్కూటీ వెనక కూర్చున్న సుభాషిణి ప్రతిసారీ "మరేంది, ఉట్టిగనా" అంటూ వచ్చింది.