కబురు ఎక్కడ మారింది

"ఇంకాసేపు చూస్తాను. ఎవరూ రాకపోతే అవసరం లేదని రాసి మూసేస్తాను," అన్నాడు విద్యాశాఖ అధికారి, ఖాళీ కుర్చీలను కలంతో చూపిస్తూ.

సాయంత్రం కాలేజీ ఉంచాలా, ఎత్తేయాలా అన్న విచారణ అది. హాలు నింపాల్సిన మహిళా మండలి నుంచి ముగ్గురే వచ్చారు. ఊరంతా బెత్తం టీచర్ అని పిలిచే అధ్యక్షురాలు, ఆమె చిన్ననాటి స్నేహితురాలు, ఆ స్నేహితురాలి కోడలు నర్సు. కాలేజీ మూతపడితే నర్సు డిగ్రీ చివరి ఏడాదిలో ఆగిపోతుంది. పగలంతా ఆసుపత్రి డ్యూటీ. ఆమెకు మరో దారి లేదు.

"నిన్ననే కబురు పంపానే," అని గొణిగింది టీచర్.

మండలిలో కబురు గొలుసులా నడుస్తుంది. వాట్సాప్‌లో పెడితే శుభోదయం పూల కింద పడిపోతుందని టీచర్ నమ్మకం. అందుకే ఆవిడ ఒకరికి ఫోన్ చేస్తుంది, ఆ ఒకరు ఇంకొకరికి. చివరామె "అందరికీ అందింది" అని టీచర్‌కు చెబుతుంది. నిన్న ఆ మాటా వచ్చింది.

నర్సు వరండాలోకి పరుగెత్తి ఆ చివరామెకే ఫోన్ చేసింది.

"ఎక్కడున్నావక్కా?"

"పార్లర్‌లో. విచారణ వాయిదా అన్నారుగా. ఒకావిడ తలకు రంగు సగంలో ఉంది, త్వరగా చెప్పు."

"వాయిదా అని ఎవరన్నారు?"

"లైబ్రరీ ఆవిడ."

లైబ్రరీ ఆవిడ టైలరు పేరు చెప్పింది. టైలరు ఫోన్ ఎత్తలేదు. కిటికీలోంచి అధికారి కాగితాలు సర్దుకోవడం కనిపిస్తోంది. నర్సు మళ్లీ చేసింది, మళ్లీ చేసింది. చివరికి కుట్టుమిషన్ చప్పుడు వినిపించింది.

"వాయిదా అని నీకెవరు చెప్పారు వదినా?"

మిషన్ ఆగింది. "మీ ఇంటి మాట నన్నడుగుతావేంటే? మీ అత్తగారే."

టీచర్ ఎప్పుడూ మొదటి ఫోన్ చేసేది ఆవిడకే.

నర్సు లోపలికొచ్చి అత్తగారి పక్కన కూలబడింది. ఆడపిల్లల చదువు కోసం ఇల్లిల్లూ తిరిగి చెప్పులరగదీసిన మనిషి ఆవిడ.

"ఎందుకత్తయ్యా?"

అత్తగారు తలెత్తలేదు. "మెల్లగా మాట్లాడు. ఊళ్లో అందరూ చదవాలనే నా కోరిక. కానీ సాయంత్రమైతే నీ కొడుకు వెనక పరిగెత్తేవి నా మోకాళ్లు."

"ఆ మాట నాతో అనొచ్చుగా."

"ఏ మొహంతో అనను? స్టేజీ ఎక్కి చదవండమ్మా అని చెప్పి, ఇంట్లో కోడల్ని మానెయ్యమంటే జనం నవ్వరూ?"

అధికారి లేచాడు. నర్సు ఎదురెళ్లింది.

"మావాళ్లకు వాయిదా అని తప్పుడు కబురు వెళ్లింది సార్. ఇంకో రోజు ఇవ్వండి."

"అందరూ చెప్పేదే ఇది. తప్పుడు కబురంటే పంపిన మనిషి ఉండాలి కదమ్మా. ఆ మనిషెవరో చెబితే రాసుకుని ఇంకో రోజు వేస్తాను. లేదంటే ఇంతే."

"ఎవరే అది? చెప్పు, దాని సంగతి నేను చూస్తాను," అంది టీచర్, స్నేహితురాలి భుజం మీద చెయ్యేసి.

అత్తగారు కోడలి కొంగు పట్టుకుంది. "ఇంటికెళ్లి మాట్లాడుకుందాం అమ్మాయ్."

అధికారి కలానికి మూత పెట్టబోయాడు.

"మా అత్తగారండీ," అంది నర్సు.