గోవిందు ఉపవాసం

శనివారం పొద్దున తొమ్మిది కొట్టేసరికే అలివేలు వంటింట్లోంచి వరండాలోకి పదకొండుసార్లు తిరిగింది. దూలానికి వేలాడే పంజరంలో గోవిందు మేత ముట్టలేదు. నిన్న వేసిన శెనగలు వేసినట్టే ఉన్నాయి. సాయంత్రం కాట్పాడి పాసింజరులో చిలక జోస్యం ఓబయ్య పాకాలలో దిగుతాడు. ఈలోగా గోవిందు తినకపోతే అలివేలు పెంచిన పిల్లచిలక ఓబయ్య పెట్టెలోకి వెళ్ళి, రెక్కలు కత్తిరించుకుని, జనం జాతకాలు ముక్కుతో లాగుతూ బతకాలి. తీర్పు అత్తగారిది. పైకోర్టు లేదు.

గోవిందు అత్తగారి చిలక. పద్నాలుగేళ్ళుగా ఆ ఇంట్లో ఉంది. గడపలో ఎవరు కాలు పెట్టినా "ఎవురదీ?" అంటుంది. కొత్త కోడలిగా అలివేలు వచ్చినప్పుడు కూడా అదే అడిగింది. ఆ ప్రశ్నకు ఆ ఇంట్లో ఇంతవరకూ ఎవరూ సరైన జవాబు చెప్పలేదు.

పిల్లచిలక అలివేలు పుట్టింటిది. సత్యవేడులో గాలివానకు తాటిచెట్టు కూలితే, తొర్రలోంచి కళ్ళు తెరవని పిల్ల ఒకటి బయటపడింది. పుట్టింటికి వెళ్ళిన అలివేలు ఇంకు ఫిల్లరు కడిగి, దాంతో రాత్రీ పగలూ గంజి పోసి బతికించింది. తిరుపతిలో బి.ఏ. చదివినప్పుడు పరీక్షలకు కూడా ఆమె అన్నిసార్లు నిద్ర లేవలేదు. నెలన్నరకు ఈకలు వచ్చాయి. కానీ బుద్ధి ఇంకా రాలేదు. మనిషి కనబడితే చాలు, నోరు తెరిచి తల ఊపుతుంది.

దాన్ని వెదురు గంపలో పెట్టుకుని బస్సులో తెచ్చి పన్నెండు రోజులైంది. జబ్బేమైనా ఉంటే పాతదానికి అంటుకుంటుందని మొదటి వారం సామాన్ల గదిలో విడిగా ఉంచింది.

"పక్షిని గూడా మూల కూర్చోబెడతా ఉండావా? ఎన్ని దినాలంట?" అంది అత్తగారు వరదమ్మ.

మంగళవారం గంపను వరండాలో ఆ చివర గోడవారగా పెట్టింది. అప్పటినుంచీ అత్తగారు స్నానానికి వెళ్ళినప్పుడల్లా దాన్ని జానెడు గోవిందు వైపు జరుపుతోంది. రోజుకు జానెడు జరిగితే ఎవరికీ తెలియదని ఆమె లెక్క.

గురువారం వరదమ్మ వరండాలోకి అన్నం తినడానికి వచ్చి, ఇంకా అక్కడే ఉన్న గంపను చూసింది. రోజూ ఆమె పీట వేసుకునేది గోవిందు పంజరం కిందే. ఆ పూట కోపంతో కంచం ఎత్తుకుని వెనక గదికి పోయింది. ఆరోజే గోవిందు మేత మానేసింది.

"దీన్ని సూసి నా బిడ్డకు మనేద పట్టుకుండాది. అది తిననిదే నేనూ ముద్ద ముట్టను," అని శుక్రవారం ప్రకటించి, ఓబయ్యకు కబురు చేసింది. కాఫీ మాత్రం ఉపవాసం కిందికి రాదు.

అలివేలు మొగుడు దామోదరం రైల్వే గూడ్సు ఆఫీసులో గుమాస్తా. తల్లినీ పెళ్ళాన్నీ పంజరాన్నీ గంపనీ వరసగా చూసి, "నన్ను లాగొద్దబ్బా. నాకు ఆఫీసుండాది," అని చెప్పులు వేసుకున్నాడు. శనివారాలు అంత తొందరగా వెళ్ళడం అదే మొదలు.

మధ్యాహ్నానికి అలివేలు జామకాయ కోసి పెట్టింది, పచ్చిమిరపకాయ పెట్టింది, చివరకు బతిమాలింది కూడా. గోవిందు వీపు తిప్పుకుని కూర్చుంది. మూడున్నరకు స్టేషను వైపు నుంచి రైలు కూత వినబడింది. పిల్లచిలక ఆకలికి గంప అదిరేటట్టు అరుస్తోంది. అలివేలు చేతులు చీరకు తుడుచుకుంది, మళ్ళీ తుడుచుకుంది. గంప తెచ్చి అత్తగారి ముందు పెట్టింది.

"అత్తా, ఇల్లు దాటి పోయే బిడ్డ ఖాళీ కడుపుతో పోకూడదు గదా. ఇన్నాళ్ళూ నేను పెట్టినా. ఈ ఒక్కసారి నువ్వు పెట్టు."

పట్టుకుంటే మనసు కరగకపోతుందా అని ఆశ. అంతకుమించి ఆమె దగ్గర ఉపాయమేమీ లేదు.

"నేనెందుకు పెట్టేది?" అంది వరదమ్మ. పిల్ల ఆమెను చూసి నోరు తెరిచింది. "దీని నోరు సూడు, బావి మాదిరి ఉండాది! యాడుంది అన్నం? తే."

పీట అలవాటు చొప్పున గోవిందు కిందే వేసుకుంది. పప్పన్నం వేడినీళ్ళతో మెత్తగా పిసికింది. "కాలతా ఉండాదేమో," అని కొంచెం నాలుక మీద వేసుకుని చప్పరించింది.

పైన టిక్కుమంది.

ఇద్దరూ తలెత్తారు. గోవిందు శెనగ కొరుకుతోంది. వరదమ్మ నోరు ఆపింది. గోవిందూ ఆపింది. ఆమె ఇంకో మెతుకు నమిలింది. పైన మళ్ళీ టిక్కుమంది.

అలివేలుకు అప్పుడు వెలిగింది. పద్నాలుగేళ్ళుగా అది అత్తగారితోబాటు తింటోంది. ఆమె వెనక గదికి పోయినందుకు అది మానింది. అది మానినందుకు ఆమె మానింది. ఒకరి కోసం ఒకరు రెండు రోజులుగా మాడుతున్నారు. ఆ మాట పైకి అనకుండా పెదవి కొరుక్కుని, అత్తగారికి కంచం నిండా అన్నం తెచ్చి పెట్టింది.

"ఎవురదీ?" అంది గోవిందు, నోట్లో శెనగతోనే.

గడపలో ఓబయ్య, చంకలో పెట్టె. "పిల్లచిలకని ఇస్తానని సెప్పి పంపినావంట గదక్కా?"

"నేనా?" వరదమ్మ ఒక చేత్తో తింటూ, ఇంకో చేత్తో పిల్ల గొంతు నిమురుతోంది. "ఆకలి మీద ఏదో అనింటా. ఆ మాట పట్టుకుని వచ్చేస్తావా? కూర్చో, అన్నం తిని పో."

గోవిందు గంప వైపు మెడ చాచి, ఈకలు రేపి బుస్సుమంది. పిల్ల దానికీ నోరు తెరిచి చూపించింది.

మర్నాడు స్నానాల గదిలో నీళ్ళ చప్పుడు వినగానే అలివేలు, మళ్ళీ గోడవారకు చేరిన గంప అంచు పట్టుకుంది. చప్పుడు ఆగింది.

"ఏమ్మే, ఈపొద్దు రెండు జానలు జరుపు," అంది వరదమ్మ గొంతు లోపలి నుంచి. "మంగళవారం నుంచీ సూస్తానే ఉండా."

అలివేలు జానెడున్నర జరిపింది.