షిప్‌కి ఒక వేలు, షీప్‌కి రెండు

ఇంగ్లీషు మాస్టారు మన్మథరావు గారు శుక్రవారం పరీక్ష అన్నారు. రాత పరీక్ష కాదు, నోటి పరీక్ష. ఇద్దరిద్దరు ఎదురెదురుగా కూర్చోవాలి. ఒకరు మాట పలికితే రెండోవారు పుస్తకం చూడకుండా, అచ్చు పొట్టిదైతే ఒక వేలు, పొడుగుదైతే రెండు వేళ్లు ఎత్తాలి. షిప్ అంటే ఒకటి, షీప్ అంటే రెండు. జోడీలను ఎవరికి వారే చూసుకోమన్నారు.

గంట కొట్టేలోపే క్లాసంతా జోడీలైపోయింది. ఉన్నది నలభై ఒక్కమంది. మిగిలిపోయింది చిట్టితల్లి. కొయ్యూరు కొండల్లోంచి వచ్చి నర్సీపట్నం హాస్టల్లో చేరి మూడు నెలలైనా, తనంతట తాను ఎవరితోనూ మాట కలిపింది లేదు. 'నాతో కూర్చుంటావా' అన్న మాటను రోజారమణి బెంచీ దాకా రెండుసార్లు తీసుకెళ్లి, రెండుసార్లూ మింగేసి వచ్చింది.

సాయంత్రం వంటింటి వెనక గచ్చు మీద ఒక్కతే కూర్చుని పైకి చదువుకుంది. తన చెవికి అన్నీ సరిగానే ఉన్నాయి. వంటమనిషి అప్పాయమ్మ బియ్యంలో రాళ్లు ఏరుతూ కాసేపు వింది, తర్వాత సంగతేమిటని అడిగింది. తనకు ఏబీసీడీలు రావుగానీ, పొట్టేదో పొడుగేదో తెలియడానికి చదువెందుకని చేట పక్కన పెట్టింది.

"ఫీల్," అంది చిట్టితల్లి.

అప్పాయమ్మ ఒక వేలే ఎత్తింది.

"రెండత్తా. అది పొడుగుది."

"నువ్వు పొట్టిగా అన్నావు మరి. సాగదియ్యే. మీ కొండ మీద మేకల్ని పిలిసినట్టు పిలువు. ఇక్కడ ఇనీవోళ్లెవులున్నారు, నాను తప్ప?"

చిట్టితల్లికి నవ్వొచ్చింది. హాస్టల్లో చేరాక అంత గట్టిగా గొంతెత్తడం అదే మొదలు. నాలుగు సాయంత్రాలు అలాగే గడిచాయి. చివరి రోజు అప్పాయమ్మ వేలు ఒక్కసారీ తప్పలేదు.

శుక్రవారం మాస్టారు పుస్తకంలోని మాటల వరస మార్చి అడిగేసరికి, వరస బట్టీపట్టిన జోడీలన్నీ తడబడ్డాయి. చిట్టితల్లికి ఎదురుగా మాస్టారే కూర్చున్నారు. ఆమె ఇరవై మాటలు పలికింది. ఇరవైకీ ఆయన వేళ్లు సరిగ్గా లేచాయి.

"ఎవరితో సాధన చేశావమ్మా?"

క్లాసంతా ఇటు తిరిగింది. వంటమనిషితో అంటే వెనక బెంచీలు ఎలా నవ్వుతాయో ఆమెకు ముందే వినిపించింది.

"ఎవరూ లేరు సార్. ఒక్కదాన్నే."

మాస్టారు పొంగిపోయారు. ఈ పిల్లకు జోడీతో పనే లేదని, వచ్చే నెల పరీక్షకూ తన ఎదురుగానే కూర్చోమని అందరి ముందూ అన్నారు. రోజారమణి తన జోడీతో తగువు పడి, బెంచీ మీద సంచీ పక్కకు జరిపి చిట్టితల్లి వైపే చూస్తోంది. ఆ మాట విని సంచీని మళ్లీ యథాస్థానంలో పెట్టుకుంది.

ఆ సాయంత్రం అన్నాల వరసలో అప్పాయమ్మ మార్కులు అడిగింది. ఇరవైకి ఇరవై అని చెప్పింది చిట్టితల్లి.

"ఎవులు నేర్పారని మీ మేస్టారు అడగనేదేటి?"

"అడగలేదత్తా."

"పోన్లే," అని అప్పాయమ్మ ఆమె కంచంలో ఇంకో గరిటె పప్పు వేసింది. చిట్టితల్లి ఆ కంచం పట్టుకెళ్లి, గోడవైపు తిరిగి కూర్చుంది. చాలాసేపు అన్నం కలుపుతూనే ఉంది.