కొబ్బరినీళ్ళు తాగిన బోల్టు

నేను ఒక బోల్టును. కారు కుడి లైటు వెనకాల, బాడీకి బిగించిన ఎర్తు బోల్టును. బ్యాటరీ నుంచి బయలుదేరిన కరెంటు లైటును వెలిగించాక మళ్ళీ బ్యాటరీకి చేరాలి కదా! పెద్ద లైటు, పగలంతా వెలిగే చిన్న లైటు, పక్కనున్న ఇండికేటరు, ఈ మూడింటి నల్ల తీగలూ నా దగ్గర కలిసి, నా గుండానే బాడీలోకి దిగేవి. నేను చెయ్యాల్సిందల్లా శుభ్రంగా, కదలకుండా ఉండడం. ఆ పాటి పని కూడా చేతకాలేదు. సిగ్గు విడిచి చెబుతున్నాను, వినండి.

ఫ్యాక్టరీలో పుట్టినప్పుడు బాగానే మెరిసేవాణ్ణి. మా కారు నర్సీపట్నం దాలినాయుడిది. పొద్దున్నే లంబసింగి మంచు చూడ్డానికి వచ్చేవాళ్ళను తిప్పుతాడు. మహా భక్తుడు. ఏటా దసరాకి బోనెట్ ఎత్తి, చేతికందిన ప్రతిదానికీ పసుపు పూసి, కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టి ఆ నీళ్ళు లోపలంతా చల్లేవాడు. బండి చల్లగా ఉండాలని. మూలనున్న నాకు అందరికంటే ఎక్కువ వాటా వచ్చేది. పూజలందుకుంటున్నానని పొంగిపోయాను. ఆ పసుపు కిందే తుప్పు మొదలైంది. నాలుగు దసరాలు గడిచేసరికి పైన పటారం, లోన లొటారం.

ముందు కుడివైపు చిన్న లైటు మిణుకుమంది. తర్వాత పెద్ద లైటు గుడ్డిగా వెలిగింది. దాలినాయుడు బస్టాండు ఎదురుగా ఉన్న గవరయ్య దగ్గరికి తీసుకెళ్ళాడు. నలభై ఏళ్ళుగా బండ్ల కరెంటు పనే ఆయన బతుకు. గవరయ్య చెయ్యి పడితే గుడ్డి బండికి చూపొస్తుందని డ్రైవర్లు చెప్పుకునేవారు.

ఆయన బల్బు మార్చాడు. ఫ్యూజు చూశాడు, రిలే మార్చాడు. టెస్ట్ ల్యాంపు ఒక తీగ బ్యాటరీకి తగిలించి, రెండోది లైటుకు కరెంటు తెచ్చే ఎర్ర తీగకు ఆనించాడు. ల్యాంపు భేషుగ్గా వెలిగింది. వెలగదూ మరి! కరెంటు నా దగ్గరికి రాకుండానే ఆ ల్యాంపు తీగలోంచి తిరిగి వెళ్ళిపోయింది. నిక్షేపంలాంటి బల్బు చెత్తబుట్టలో పడుతుంటే తేలు కుట్టిన దొంగలా ఊరుకున్నాను. ఆయన నా మీద చెయ్యి ఆనించుకునే పని చేశాడు గానీ, పసుపూ కుంకుమా ఉన్న చోటును అనుమానించలేదు.

మర్నాడు ఘాటు రోడ్డు మీద, మంచులో, కుడి లైటు పూర్తిగా ఆరిపోయింది. ఎదురుగా వచ్చే జీపువాడు మా ఒంటి లైటు చూసి మోటారు సైకిలనుకుని, రోడ్డు మధ్యకి వచ్చేశాడు. దాలినాయుడు బండిని కొండవైపు తిప్పేశాడు కాబట్టి సరిపోయింది. వెనక సీట్లో పసిపిల్ల గుక్కపట్టి ఏడ్చింది. నా మూలంగానే.

దాలినాయుడు నేరుగా బస్టాండుకే వెళ్ళాడు. టీకొట్టు దగ్గర పదిమందీ చూస్తుండగా అరిచాడు.

“ఏటి మావా, నీకే కళ్ళు అవుపించనప్పుడు ఒకరి బండికి లైట్లెలాగేస్తావు? జనం సచ్చిపోతే నీదా పూచీ?”

గవరయ్య కళ్ళద్దాలు తీసి చొక్కాకు తుడుచుకున్నాడు.

“నిజమేనేమో అల్లుడా. నా సెయ్యి పోనాది. రేపట్నించి షాపు తియ్యను.”

తియ్యలేదు. మూడు రోజులు బస్టాండు మీదుగా వెళ్ళినప్పుడల్లా మూసిన ఆ తలుపు కనిపించేది. నాకు నోరుంటే అరిచి చెప్పేవాణ్ణి.

నాలుగో రోజు పొద్దున గవరయ్యే దాలినాయుడి ఇంటికి వచ్చాడు.

“ఓపాలి బోనెట్టెత్తు. సూసి ఎల్లిపోతాను.”

ఈసారి ఇండికేటరు వేసి చూశాడు. అది కొట్టుకున్నప్పుడల్లా చిన్న లైటు కూడా దాంతోపాటు మిణుకుమంది. గవరయ్య వంగి, రెండింటి నల్ల తీగల వెంటా వేలు పోనిచ్చాడు.

“కరెంటు వస్తంది. తిరిగెల్లడానికే దారి నేదు.”

బ్యాటరీ నుంచి ఓ తీగ తెచ్చి నల్ల తీగలకు ఆనించగానే లైటు భగ్గున వెలిగింది. స్పానరుతో నన్ను ఊడదీసి, బొటనవేలితో రుద్దాడు. పసుపు పెళ్ళ రాలింది. కింద ముద్ద కట్టిన తుప్పు.

“కొబ్బరినీళ్ళు,” అన్నాడు, అంతే.

దాలినాయుడు తల దించుకున్నాడు. “తప్పైపోనాది మావా.”

“తిట్టింది బస్టాండు కాడ. ఒప్పుకుంటన్నది ఇంటికాడ.”

ఆ చోటు గీకి, కొత్త బోల్టు బిగించి, గవరయ్య వెళ్ళిపోయాడు.

మర్నాడు దాలినాయుడు నన్ను జేబులో వేసుకుని టీకొట్టుకు వెళ్ళాడు. అరచేతిలో పెట్టి ఒక్కొక్కరికీ చూపించాడు. “తప్పు నాది. మావది కాదు.” అందరూ వంగి వంగి నా తుప్పు చూశారు. భూమిలోకి కూరుకుపోదామనిపించింది. అయితే ఆ మధ్యాహ్నమే గవరయ్య షాపు తలుపు తెరుచుకుంది. నన్ను ఆయన మేకుల డబ్బాలో వేసుకున్నాడు.

మొన్న దసరా వచ్చింది. దాలినాయుడు షాపు ముందే కాయ కొట్టి, నీళ్ళు గ్లాసులో పట్టి గవరయ్యకిచ్చాడు. ఆయన తాగి మూతి తుడుచుకుని, తన పనిముట్లు బల్ల మీద వరసగా పేర్చాడు. స్పానర్లు, కటింగ్ ప్లేయరు, టెస్ట్ ల్యాంపు. చివర్న నన్నూ పెట్టాడు. ఏ చెయ్యి పోయిందనిపించానో ఆ చేత్తోనే, అన్నింటితోపాటు నాకూ ఓ చుక్క కుంకుమ పెట్టాడు.

టీకొట్టు దగ్గర పదిమందిలో కూడా నేనంత సిగ్గుపడలేదు.